ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్ : అమెరికా జానపద కళావస్తువుల నీటిరంగుల చిత్రావళి

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో వలసకాలం నుంచి 19వ శతాబ్దం చివరిదాకా మామూలు జనం చేసుకున్న, వాడుకున్న కళాత్మక వస్తువులను ఉన్నవి ఉన్నట్టుగా నీటిరంగుల్లో చిత్రించి భద్రపరిచిన ప్రభుత్వ సంకలనం ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్. మహా ఆర్థిక మాంద్యంలో పని కోల్పోయిన చిత్రకారులకు జీతమిచ్చి పని చేయించిన ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్ట్‌లో ఒక శాఖగా 1935 చివర్లో మొదలై 1942 వరకు నడిచింది. బొంతలు, నేత దుప్పట్లు, మట్టిపాత్రలు, పెళ్ళిపెట్టెలు, ఓడ ముక్కున నిలిపే చెక్కబొమ్మలు, రంగులరాట్నపు జంతువులు, ఆటబొమ్మలు, వంటసామాను వంటి వాటి చిత్రాలు ఇందులో 18 వేలకు పైగా ఉన్నాయి. 1943 నుంచి ఇవి వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ సంరక్షణలో ఉన్నాయి.

పరిధి

ఏ వస్తువులను చిత్రించాలన్నది మొదట్లోనే నిర్ణయించారు. ఐరోపా నుంచి వలస వచ్చినవారు, వారి సంతతి ఈ నేల మీద తయారుచేసినవి, వాడినవి కావాలి. కాలం రీత్యా తొలి వలసల నుంచి సుమారు 1900 వరకు. అలంకార కళలు, చేతిపనులు, జానపద శిల్పం, దుస్తులు లోపలికి వచ్చాయి.

మూడింటిని బయట ఉంచారు. భవనాలను వదిలేశారు, వాటి కొలతలు, నక్షాలు తయారుచేసే పనిని 1933లో మొదలైన హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే అప్పటికే చేస్తోంది. జానపద చిత్రలేఖనాన్ని, అంటే కాన్వాసు మీద, చెక్క మీద వేసిన బొమ్మలను, చాలావరకు పక్కన పెట్టారు. ఆదివాసీ అమెరికన్ల కళావస్తువులను మానవశాస్త్ర సంస్థలు నమోదు చేస్తున్నాయన్న కారణంతో తీసుకోలేదు. ఈ మూడో నిర్ణయం మీద తర్వాతి తరం పండితులు గట్టి అభ్యంతరం చెప్పారు (చూ. లోపాలు, విమర్శలు).

నేపథ్యం

1920లకు ముందు అమెరికా మ్యూజియంలు తమ దేశపు పల్లె వస్తువులను కళగా లెక్కించలేదు. ధనవంతులు ఐరోపా చిత్రాలు, ఫ్రెంచి సామాను, చైనా పింగాణీ కొనేవారు. పాత ఓడబొమ్మ, గొడ్లచావిడి కప్పు మీద గాలి దిశ చూపే వెదర్‌వేన్ పాత సామాను వ్యాపారుల కొట్లలో పడి ఉండేవి. వీటిని మొదట గుర్తించినవారిలో నవ్యచిత్రకారులు ముఖ్యులు. మెయిన్ రాష్ట్రపు సముద్రతీరాన ఓగన్‌క్విట్ ఊళ్ళో వేసవుల్లో బసచేసిన కళాకారులు ఇలాంటి వస్తువులను కొని తమ గదుల్లో పెట్టుకున్నారు. వస్తువు రూపాన్ని పొడిగా, స్పష్టంగా, అనవసరమైన హంగు లేకుండా చెప్పే గుణం తాము వెతుకుతున్న ఆధునికతకు దగ్గరగా ఉందని వారికి అనిపించింది.

ఈ ఆసక్తిని మ్యూజియంలలోకి తెచ్చినవాడు హోల్గర్ కాహిల్. ఐస్‌లాండ్‌లో పుట్టి చిన్నతనంలోనే ఉత్తర అమెరికాకు వచ్చిన కాహిల్, న్యూజెర్సీలోని న్యూఆర్క్ మ్యూజియంలో పనిచేస్తూ 1930లో జానపద చిత్రలేఖనం మీద, 1931లో జానపద శిల్పం మీద ప్రదర్శనలు పెట్టాడు. 1932లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో, 1750 నుంచి 1900 వరకు సామాన్యుడి కళ అన్న అంశం మీద పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేశాడు. 1935 ఆగస్టులో ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్ట్ జాతీయ సంచాలకుడయ్యాడు. ఇండెక్స్ ఆలోచన ఆయన ముందుకు వచ్చేసరికి దాన్ని అర్థం చేసుకోగల మనిషి అధికారంలో ఉండడం ఈ చరిత్రలో నిర్ణాయకమైన విషయం.

ఆలోచన పుట్టుక

ఆలోచన మొదలైనది న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ చిత్రాల విభాగంలో. 1915లో ఏర్పడిన ఆ విభాగానికి 1929 నుంచి రొమానా జావిట్జ్ అధిపతి. రోజూ వచ్చే డిజైనర్లు, రంగస్థల కళాకారులు, ప్రకటనల చిత్రకారులు అమెరికా పాత నమూనాలు అడిగేవారు. చూపడానికి తగిన బొమ్మలు ఉండేవి కావు. ఐరోపా దేశాల జానపద దుస్తుల మీద, అలంకారాల మీద రంగుల పుస్తకాల వరుసలే ఉన్నాయి. అమెరికా మీద అలాంటివి లేవు. ఈ లోటును జావిట్జ్ తన దగ్గరికి వచ్చే కళాకారులతో చర్చించేది. వారిలో వస్త్ర డిజైనర్ రూత్ రీవ్స్ ఒకరు. పారిస్‌లో ఫెర్నాండ్ లెజే దగ్గర శిక్షణ పొంది, న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌కు వస్త్రాలు రూపొందించిన రీవ్స్, అప్పుడే గ్వాటెమాల నేతను అధ్యయనం చేసి తిరిగివచ్చింది. పని లేని చిత్రకారులతో ఈ లోటు తీర్చవచ్చునన్న ప్రతిపాదనను ఈ ఇద్దరు స్త్రీలు ప్రభుత్వ కళాపథకం ముందుంచారు.

ఇందులో ఉపాధి కోణం కూడా బలమైనదే. ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్ట్ గోడచిత్రాలు, శిల్పాలు, ముద్రణచిత్రాలు చేయించేది. వాటికి సృజనాత్మక చిత్రకారులు కావాలి. పత్రికలకు, కేటలాగులకు, ప్రకటనలకు బొమ్మలు గీసి బతికినవారు, చేయి నికరంగా ఉండి సొంత కల్పన అంతగా లేనివారు వేల సంఖ్యలో పని కోసం చూస్తున్నారు. వారి చేతిలోని నేర్పుకు సరిగ్గా సరిపోయిన పని ఇండెక్స్.

నిర్వహణ

రూత్ రీవ్స్ మొదటి జాతీయ సమన్వయకర్త. 1936లో ఆ బాధ్యత అడాల్ఫ్ గ్లాస్‌గోల్డ్‌కు మారింది. అమెరికన్ హాస్యం మీద 1931లో ప్రసిద్ధ గ్రంథం రాసిన కాన్స్టన్స్ రూర్క్ 1936–37లో జాతీయ సంపాదకురాలిగా పనిచేసింది. అమెరికా సంస్కృతికి సొంత వేళ్ళున్నాయని, అవి సామాన్యుల ఆటపాటల్లో, చేతిపనుల్లో కనిపిస్తాయని ఆమె వాదన. ఏ వస్తువు ఎందుకు ముఖ్యమో నిర్ణయించడంలో ఆ చూపు పనిచేసింది.

వాషింగ్టన్‌లోని కేంద్ర కార్యాలయం నియమావళి పంపేది; రాష్ట్ర శాఖలు పని చేయించేవి. 30కి పైగా రాష్ట్రాల్లో శాఖలు ఏర్పడ్డాయి. సుమారు 400 మంది చిత్రకారులు పాల్గొన్నారు. వారితోపాటు పరిశోధకులు ఉండేవారు. వారు మ్యూజియంలు, స్థానిక చరిత్ర సంఘాలు, ప్రైవేటు సేకర్తలు, పాత సామాను వ్యాపారులు, పల్లె కుటుంబాల దగ్గరికి వెళ్ళి వస్తువులను ఎంపిక చేసేవారు. యజమాని ఒప్పుకుంటే వస్తువును కార్యశాలకు తెచ్చేవారు. లేకపోతే చిత్రకారుడే వస్తువు ఉన్నచోటికి వెళ్ళి గీసేవాడు.

ప్రతి చిత్రానికీ ఒక వివరపత్రం జతచేయాలి. వస్తువు పేరు, తయారుచేసినవారు, చోటు, కాలం, పదార్థం, కొలతలు, యజమాని ఎవరు, చిత్రించింది ఎవరు అన్నవి అందులో నింపాలి. ఈ పత్రం లేకపోతే ఇండెక్స్ అందమైన బొమ్మల పెట్టెగా మిగిలేది. పత్రాల్లో కొన్నిటిలో కాలనిర్ణయం తప్పింది, కొన్నిటిలో చేతివృత్తివారి పేరు ఖాళీగా ఉంది. అయినా వస్తువు ఎక్కడ, ఎవరి దగ్గర ఉండేదో తెలిపే ఆధారం చాలాసార్లు ఇదొక్కటే.

ఫొటో ఉండగా నీటిరంగులు ఎందుకు

ఇండెక్స్ గురించి మొదట తలెత్తే ప్రశ్న ఇదే. కెమెరా ఉంది, ఫొటోగ్రాఫర్లూ ఉన్నారు. ఇండెక్స్ కూడా ఫొటోలను వాడింది. నోయెల్ విసెంటినీ అనే ఫొటోగ్రాఫర్ షేకర్ మత సముదాయాల భవనాలను, సామానును ఇండెక్స్ కోసమే ఫొటో తీశాడు. కానీ ఆనాటి ఫొటో ప్రధానంగా నలుపు తెలుపు. రంగుల ఫొటో ఖరీదైనది, ఆ రంగులు నమ్మదగినవి కావు, కొన్నేళ్ళలో వెలిసిపోయేవి. రంగే ప్రాణమైన నేత దుప్పటిని, పూలు వేసిన పెళ్ళిపెట్టెను నలుపు తెలుపులో నమోదు చేస్తే నమోదు సగమే.

రెండో కారణం దీనికంటే లోతైనది. కెమెరా ఒక క్షణపు వెలుగునే పట్టుకుంటుంది. మెరిసే పాత్ర మీద కిటికీ ప్రతిబింబం పడుతుంది, పెట్టె లోపలి మూల చీకటవుతుంది. చిత్రకారుడు వస్తువును గంటలకొద్దీ చూస్తాడు, చేత్తో తిప్పి చూస్తాడు, నీడలో ఉన్నదాన్ని కూడా తెలుసుకుని గీస్తాడు. అడ్డు వచ్చే ప్రతిబింబాన్ని తగ్గించి, వస్తువు ఆకృతికి అవసరమైన వెలుగును ఉంచుతాడు. అందువల్ల మంచి ఇండెక్స్ చిత్రంలో ఒక్క ఫొటోలో దొరకని సమాచారం ఉంటుంది.

ఈ పద్ధతికి మూలం ఈజిప్టు పురావస్తు చిత్రణ. బోస్టన్‌కు చెందిన జోసెఫ్ లిండన్ స్మిత్ ఈజిప్టు సమాధుల్లోని శిల్పాలను, రంగుల గోడలను చూసేవారికి రాయే అనిపించేంత నిజంగా చిత్రించినవాడు. బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ ఈజిప్టు విభాగంలో చిత్రకారిణిగా ఉన్న సుజాన్ చాప్‌మన్‌కు ఆ పద్ధతి తెలుసు. మసాచుసెట్స్ శాఖ చిత్రకారులకు ఆమె దాన్ని నేర్పింది. అక్కడి చిత్రాలు అంత బాగా రావడంతో మిగతా రాష్ట్రాలకు వాటినే నమూనాగా చూపారు.

పని సాగే తీరు ఇది. ముందు వస్తువును కొలిచి, పలుచని పెన్సిలు గీతతో కాగితం మీద ఆకృతి నిలుపుతారు. తర్వాత అతి పలుచని రంగు ఒక పూత వేసి, ఆరనిచ్చి, దాని మీద మరో పూత వేస్తారు. పారదర్శకమైన నీటిరంగులో తెలుపు అంటే కాగితమే కాబట్టి, వెలుగు పడే చోటును మొదటి నుంచీ వదిలిపెట్టాలి. ఒకసారి రంగు ముట్టించాక వెనక్కి తెచ్చుకోవడం కష్టం. పూతలు ఒకదాని మీద ఒకటి చేరగా వస్తువు బరువు, గుండ్రదనం తేలుతాయి. చివర్లో సన్నని కుంచెతో ఉపరితలపు గుణం పట్టుకుంటారు: కొయ్య చార, తుప్పు, గీరుకుపోయిన రంగు, పాత రాగి మీది పచ్చ. అవసరమైన చోట గవాష్ అనే అపారదర్శక నీటిరంగు, రంగు పెన్సిళ్ళు కూడా వాడారు. వెనకాల ఏ గదీ ఏ బల్లా ఉండవు. తెల్లని కాగితం మీద వస్తువు ఒంటరిగా ఉంటుంది. ఒక్కోసారి కింద చిన్న నీడ మాత్రం వేస్తారు.

పదార్థాన్ని బట్టి కష్టం మారేది. ఉప్పు మెరుగు పెట్టిన స్టోన్‌వేర్ కూజాను తీసుకుంటే, ఆవం బాగా వేడెక్కాక లోపలికి ఉప్పు చల్లడం వల్ల దాని ఒంటి మీద నారింజతొక్క మీదిలాంటి సన్నని గరుకు ఏర్పడుతుంది. బూడిదరంగు ఒంటి మీద కోబాల్టు నీలంతో పిట్టో పువ్వో గీసి ఉంటుంది. ఆ గరుకును, దాని మీది మెరుపును, మెరుపు కింది నీలాన్ని ఒకేసారి చూపాలి. వస్త్రమైతే పోగు పోగూ గీయాలి. పెద్ద బొంత మొత్తాన్ని అలా గీయడం సాధ్యం కాదు కాబట్టి, ఒక మూలనో ఒక గడినో పూర్తిగా చిత్రించి, మిగతా నమూనా అలాగే తిరిగి వస్తుందని సూచించేవారు. ఒక్క చిత్రానికి వారాలు పట్టడం మామూలే. గంటకు ఇంత పని అని లెక్క కట్టే ఏ వ్యాపార సంస్థా ఇలాంటి ఓపికకు డబ్బు పెట్టి ఉండేది కాదు. ప్రభుత్వ జీతం వల్లే అది కుదిరింది.

చిత్రకారుడి సొంత శైలి కనిపించకూడదన్నది నియమం. నిజానికి చూడడం అలవాటైన కంటికి చేతులు తెలుస్తాయి. కొందరి అంచులు కత్తితో కోసినంత పదును. కొందరిలో వెలుగు మెత్తగా ఉంటుంది.

చిత్రితమైన వస్తువులు

వెదర్‌వేన్లు: చర్చిల మీద, గొడ్లచావిళ్ళ మీద గాలి ఎటు వీస్తోందో చూపే లోహపు బొమ్మలివి. బోస్టన్‌లోని ఫాన్యుయిల్ హాల్ మీద షెమ్ డ్రౌన్ 1742లో చేసిన రాగి మిడత వీటిలో ప్రసిద్ధమైనది. 19వ శతాబ్దంలో రాగిరేకును అచ్చుల్లో పెట్టి సుత్తితో సాగగొట్టి, రెండు సగాలను అతికి, బంగారు పూత పూసి అమ్మే కార్ఖానాలు వచ్చాయి. మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్ట్‌లో పీపుల్స్ మెథడిస్ట్ చర్చి మీద 1840 నాటి, బాకా ఊదే గేబ్రియల్ దేవదూత వెదర్‌వేన్ ఉండేది. దాన్ని లూసిల్ షాబో 1939లో చిత్రించింది. ఆ చిత్రం ఆధారంగానే అమెరికా తపాలాశాఖ 1965లో క్రిస్మస్ బిళ్ళ విడుదల చేసింది. ఇండెక్స్ చిత్రాల్లో ఎక్కువమంది చేతుల్లోకి వెళ్ళినది ఇదే కావచ్చు.

చెక్కశిల్పాలు: తెరచాప ఓడలున్నంతకాలం రేవు పట్టణాల్లో ఓడ ముక్కుకు బొమ్మలు చెక్కేవారికి చేతినిండా పని. ఇనుప ఆవిరిఓడలు వచ్చాక వారు చుట్టల దుకాణాల ముందు నిలిపే నిలువెత్తు బొమ్మలు, సర్కస్ బండ్ల అలంకారాలు చెక్కసాగారు. న్యూయార్క్‌లోని శామ్యూల్ రాబ్ కార్యశాల ఇందుకు పేరుపొందినది. వీటితోపాటు పెన్సిల్వేనియా పల్లెల్లో తిరుగుతూ జేబుకత్తితో గద్దలు చెక్కిన విల్హెల్మ్ షిమ్మెల్ బొమ్మలను కూడా ఇండెక్స్ నమోదు చేసింది. రంగులరాట్నపు గుర్రాలు, కోళ్ళు, సింహాలు ఈ విభాగంలోనివే.

వస్త్రాలు: బొంతలు, ఎంబ్రాయిడరీ, దుస్తులు సంఖ్యలో చాలా ఎక్కువ. 1820ల తర్వాత మగ్గానికి అమర్చే జకార్డ్ పరికరం వచ్చాక వృత్తి నేతగాళ్ళు పూలు, పక్షులు, భవనాలు ఉన్న దుప్పట్లు నేశారు. మూలల్లో నేతగాడి పేరు, సంవత్సరం, కొనేవారి పేరు నేసే అలవాటు ఉండేది. దానివల్ల ఆ దుప్పట్ల కాలం, చోటు కచ్చితంగా తెలుస్తాయి. పాత చేమగ్గపు దుప్పట్లనూ గీశారు. ఫ్లోరిడాలోని కోరల్ గేబుల్స్‌లో మాగ్నస్ ఫోసమ్ అనే పెద్దాయన 1770 నాటి దుప్పటిని ముందు పరుచుకుని చిత్రిస్తున్న 1940 నాటి ఫొటో అమెరికా జాతీయ పత్రాగారంలో ఉంది. ఇండెక్స్ పని ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఆ ఒక్క ఫొటో చాలు: పక్కనే వస్తువు, చేతిలో సన్నని కుంచె, కాగితం మీద పోగుల వరుస.

పెన్సిల్వేనియా జర్మన్ వస్తువులు: జర్మన్ భాషా ప్రాంతాల నుంచి 17వ శతాబ్దం చివర్లోనూ 18వ శతాబ్దంలోనూ వచ్చి స్థిరపడిన రైతుల కళ రంగుల్లో ఉదారమైనది. జనన, బాప్తిస్మ పత్రాల చుట్టూ తులిప్ పూలు, పక్షులు, హృదయాలు గీసే ఫ్రాక్టూర్, పెళ్ళికూతురి కోసం రంగులు వేసిన పెట్టెలు, ఎర్రమట్టి పళ్ళెం మీద తెల్లమట్టి పూసి దాన్ని గీకి బొమ్మ తేల్చే స్గ్రాఫిటో పాత్రలు, రంగులద్దిన రేకు సామాను ఇందులో ముఖ్యమైనవి. పెన్సిల్వేనియా శాఖను నడిపిన ఫ్రాన్సెస్ లిక్టెన్ అక్కడి అనుభవంతో 1946లో పెన్సిల్వేనియా గ్రామీణ జానపద కళ మీద గ్రంథం ప్రచురించింది. పథకం చిత్రకారులకు పని ఇవ్వడంతోపాటు పండితులను కూడా తయారుచేసిందనడానికి ఆమె ఒక నిదర్శనం.

షేకర్ వస్తువులు: ఆన్ లీ నాయకత్వంలో 1774లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన షేకర్లు బ్రహ్మచర్యం, ఉమ్మడి ఆస్తి, శ్రమ పాటించిన మత సముదాయం. వారి కుర్చీలు, గుండ్రని చెక్కడబ్బాలు, గోడకు వరుసగా కొట్టిన కొయ్యమేకులు ఏ అలంకారమూ లేనివి. పనికి ఎంత కావాలో అంతే. 1930ల నాటికి సముదాయాలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ లెబనాన్ 1947లో మూతపడింది. సేకర్తలైన ఎడ్వర్డ్ డెమింగ్ ఆండ్రూస్, ఆయన భార్య ఫెయిత్ ఆండ్రూస్ సహకారంతో ఇండెక్స్ చిత్రకారులు సరిగ్గా సమయానికి అక్కడ ఉన్నారు.

న్యూ మెక్సికో వస్తువులు: స్పెయిన్, ఆ తర్వాత మెక్సికో పాలనలో ఉండి 1848లో అమెరికాలో కలిసిన ఈ ప్రాంతంలో కాథలిక్ సాధువుల బొమ్మలు చేసే సాంతేరోలు ఉండేవారు. కాటన్‌వుడ్ చెట్టు కొయ్యలో చెక్కి, జిప్సం పూత మీద రంగులు వేసిన బొమ్మలు బుల్తోలు. పలక మీద గీసినవి రెటాబ్లోలు. వీటిని చిత్రించిన ఇ. బాయ్డ్ పనితో 1938లో 50 ఫలకాల సంపుటి వెలువడింది. తర్వాత ఆమె న్యూ మెక్సికో మ్యూజియంలో ఆ కళకు ప్రామాణిక పండితురాలైంది.

ఇతర వస్తువులు: వెన్న అచ్చులు, తాళాలు, గాజుసీసాలు, బొమ్మబ్యాంకులు, గుర్రపు జీనులు, ఇలినాయ్‌లోని బిషప్ హిల్ స్వీడిష్ సముదాయపు సామాను మొదలైనవి. పెర్కిన్స్ హార్న్‌లీ విక్టోరియన్ కాలపు గదులను తెరలు, దీపాలు, తివాచీలతో సహా నిండుగా చిత్రించాడు. తెల్లకాగితం మీద ఒంటరి వస్తువు అన్న నియమానికి ఇవి పూర్తి మినహాయింపు. అచ్చమైన చేతిపని వస్తువులే కాక కార్ఖానా సరుకు కూడా ఇండెక్స్‌లో చేరింది.

లోపాలు, విమర్శలు

మొదటి విమర్శ ఎంపిక మీద. ఆదివాసీలను వదిలి అమెరికన్ డిజైన్ అని పేరు పెట్టడం ఈనాటి దృష్టికి నిలవదు. మానవశాస్త్ర సంస్థలు చూసుకుంటున్నాయన్న సాకు వారి కళను కళగా కాక నమూనాగా చూడడం నుంచి వచ్చింది. ఆఫ్రికన్ అమెరికన్ల చేతిపని సంకలనంలో ఉన్నా, చేసినవారి పేరు, వారి స్థితి చెప్పిన సందర్భాలు తక్కువ. ప్రాంతాల మధ్య కూడా సమతూకం లేదు. మసాచుసెట్స్, న్యూయార్క్, పెన్సిల్వేనియాల నుంచి చిత్రాలు కుప్పలుగా వచ్చాయి. దక్షిణాది రాష్ట్రాల వాటా పలుచన. నిరుద్యోగ చిత్రకారులు ఎక్కడ ఎక్కువగా ఉన్నారో, మ్యూజియంలు ఎక్కడ ఉన్నాయో అక్కడే పని జరగడం దీనికి కారణం.

రెండో విమర్శ దృక్పథం మీద. వస్తువును దాని ఇంటి నుంచి, వాడిన చేతుల నుంచి వేరుచేసి తెల్లకాగితం మీద నిలిపితే అది శిల్పంలా కనబడుతుంది. దాని వెనకాల ఉన్న పేదరికం, బానిసత్వం, చాకిరీ కనబడవు. మాంద్యంలో కుంగిన దేశానికి ఆత్మవిశ్వాసం కలిగించే గతాన్ని చూపాలన్న కోరిక ఎంపికను నడిపిందని చరిత్రకారులు అంటారు. ఈ విమర్శ న్యాయమైనదే. అయితే వివరపత్రాలు ఉన్నంతవరకు వస్తువును మళ్ళీ దాని ఇంటికి చేర్చి చదివే దారి మూసుకుపోలేదు.

చిత్రకారుల పక్షాన కూడా ఒక ప్రశ్న ఉంది. సొంత కల్పనకు తావులేని నకలు పని కళ అవుతుందా అని ఆ రోజుల్లోనే కొందరు అడిగారు. చాలాకాలం ఈ చిత్రాలను పత్రాలుగా మాత్రమే చూశారు. చిత్రకారుల పేర్లు ఎవరికీ పట్టలేదు. ఆ చూపు మారడానికి అరవై ఏళ్ళు పట్టింది.

సంరక్షణ, ప్రచురణ

మొదటి పథకం ప్రకారం చిత్రాలను రంగుల్లో అచ్చువేసి, ప్రాంతాలవారీగా సంపుటాలుగా బడులకు, గ్రంథాలయాలకు, డిజైనర్లకు పంచాలి. రంగుల ముద్రణ ఖర్చు వల్ల అది అనుకున్న స్థాయిలో జరగలేదు. బదులుగా మ్యూజియంలలోనూ డిపార్ట్‌మెంట్ స్టోర్లలోనూ ప్రదర్శనలు పెట్టారు. కొనుగోలుకు వచ్చినవారు నిలబడి చూసేందుకు వీలైన ఈ రెండో ఏర్పాటు ఇండెక్స్ ఆశయానికి బాగా తగినది.

రెండో ప్రపంచయుద్ధంలోకి అమెరికా దిగాక ఉపాధి పథకాలు మూతపడ్డాయి. చిత్రాలు కొంతకాలం న్యూయార్క్‌లోని మెట్రపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. 1943లో నేషనల్ గ్యాలరీకి బదిలీ అయ్యాయి. అక్కడ వీటి క్యూరేటర్‌గా ఉన్న ఎర్విన్ క్రిస్టెన్సెన్ 1950లో ఇండెక్స్ మీద గ్రంథం ప్రచురించాడు. దానికి ముందుమాట కాహిల్‌దే. 1972లో క్లారెన్స్ హార్నంగ్ సంకలనం చేసిన రెండు సంపుటాలు విస్తృతమైన ఎంపికను పాఠకులకు ఇచ్చాయి. 2002–03లో నేషనల్ గ్యాలరీ వర్జీనియా టటిల్ క్లేటన్ ఆధ్వర్యంలో పెద్ద ప్రదర్శన పెట్టి, ఎంపిక చేసిన చిత్రాల పక్కనే కొన్ని అసలు వస్తువులను ఉంచింది. బొమ్మనూ వస్తువునూ ఒకేచోట చూసినవారికి చిత్రకారుల నేర్పు ఎంతటిదో అప్పుడు తెలిసింది. వారి పేర్లు కళాచరిత్రలో చేరడం ఆ ప్రదర్శన, దాని గ్రంథం తర్వాతే.

భారతదేశంతో సంబంధం

మొదటి సమన్వయకర్త రూత్ రీవ్స్ జీవితంలో చివరి దశ భారతదేశంలో గడిచింది. 1956లో ఫుల్‌బ్రైట్ సహాయంతో చేతివృత్తుల అధ్యయనానికి వచ్చిన ఆమె ఇక్కడే ఉండిపోయింది. భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయానికి హస్తకళల విషయంలో సలహాదారుగా పనిచేసింది. మైనపు నమూనాతో లోహపు బొమ్మలు పోత పోసే పద్ధతి మీద ఆమె రాసిన గ్రంథాన్ని ఢిల్లీలోని క్రాఫ్ట్స్ మ్యూజియం 1962లో ప్రచురించింది. 1966లో ఢిల్లీలో మరణించింది.

ఆ కార్యాలయమే నిర్వహించిన 1961 జనాభా లెక్కలతోపాటు దేశమంతటా చేతివృత్తుల మీద సర్వేలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లోని ఎంపిక చేసిన చేతివృత్తుల మీద కూడా ప్రత్యేక సంపుటి వెలువడింది. ఇండెక్స్‌లో నీటిరంగులు చేసిన పనిని ఇక్కడ వర్ణన, రేఖాచిత్రాలు, ఫొటోలు చేశాయి. అక్కడ వస్తువు కేంద్రం. ఇక్కడ వృత్తి, పనిముట్లు, కుటుంబాల ఆదాయం కూడా నమోదయ్యాయి. ఆ విషయంలో భారత సర్వే తీరు మెరుగైనది. రంగు విషయంలో ఇండెక్స్‌కు సాటి రాగలది మన దగ్గర లేదు (చూ. జనాభా లెక్కలు, 1961, హస్తకళలు).

ప్రస్తుత స్థితి

నీటిరంగులు వెలుగుకు వెలిసిపోతాయి. అందువల్ల అసలు చిత్రాలను శాశ్వత ప్రదర్శనలో ఉంచరు. చీకటి పెట్టెల్లో భద్రపరిచి, అప్పుడప్పుడు కొన్నిటిని మాత్రమే బయటికి తీస్తారు. గ్యాలరీ జాబితాలో వీటి సంఖ్యలన్నీ 1943.8 అని మొదలవుతాయి. సంవత్సరం కచ్చితంగా తెలియనివాటికి 1935/1942 అని పథకపు కాలాన్నే రాశారు. గ్యాలరీ 2012లో తన సంకలనంలోని హక్కుల పరిమితి లేని చిత్రాలను అంతర్జాలంలో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఇండెక్స్ చిత్రాలు ప్రభుత్వ సొమ్ముతో తయారైనవి కాబట్టి వాటిని ఎవరైనా దింపుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, నమూనాగా వాడుకోవచ్చు. అనుమతి అడగనవసరం లేదు, రుసుము లేదు.